నాటుకోడితో తీరే బాధ కాదిది

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మొన్నొక మెసేజీ తిరిగింది. బ్రాయిలర్ కోళ్లకు యాంటీబయాటిక్‌లు పెట్టి పెంచుతున్నారని, ఆ మాంసం తిన్నవాళ్లకు రేపు జ్వరమొస్తే ఏ మందూ పనిచేయదని, కాబట్టి నాటుకోడి మాత్రమే తినమని. కాసేపట్లోనే కింద చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. ఒకాయన "మేం బ్రాయిలర్ ఎప్పుడో మానేశాం, మాకా భయం లేదు" అని రాశాడు. ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన నిజంగానే అట్లా నమ్ముతున్నాడు. అనంతపురంలో నాకు తెలిసిన చదువుకున్నవాళ్లలో చాలామంది అట్లాగే నమ్ముతున్నారు. నాటుకోడి కిలో ధర ఎంతైనా పెట్టి కొని, పిల్లలకు వండి పెట్టి, ఇంటికి సంబంధించినంతవరకు ఈ గొడవ తీరిపోయిందనుకుంటున్నారు.

తీరలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పశువులకు, కోళ్లకు ఇష్టమొచ్చినట్టు యాంటీబయాటిక్‌లు వాడటం వల్ల వచ్చే ముప్పు తినేవాడు జాగ్రత్తపడితే తప్పేది కాదు. మా ప్రాంతం లాంటి చోట అది కంచంలోంచి వచ్చేదానికన్నా పేడలోంచి, ఎరువులోంచి, చేతుల మీదుగా, నీళ్ల మీదుగా వచ్చే అవకాశమే ఎక్కువ. డబ్బున్నవాడు మంచి మాంసం కొని బయటపడే దారి ఇందులో లేదు. షెడ్డు దగ్గర, మంద దగ్గర, దాణా తయారయ్యే చోట ఆపితేనే ఆగుతుంది.

మెసేజీలో హార్మోన్ల మాట కూడా ఉంది. అది ఉత్త పుకారు. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతోందంటే కారణం దశాబ్దాలుగా చేసిన జాతి ఎంపిక, లెక్క కట్టి పెట్టే దాణా. వేల కోళ్లను పట్టుకుని ఒక్కోదానికి హార్మోన్ సూది వేసే రైతు ఎక్కడా లేడు. ఈ అబద్ధాన్ని పక్కన పెట్టుకోవడం వల్ల యాంటీబయాటిక్‌ల గురించి చెప్పే నిజం కూడా పుకారులాగే వినిపిస్తోంది. నాకు అదే ఎక్కువ బాధ.

మందు పోయినా బాక్టీరియా ఉంటుంది

మాంసంలో, పాలలో మిగిలిపోయే మందు ఒక సంగతి. ఆ మందుకు లొంగని బాక్టీరియా ఇంకో సంగతి. జనం భయపడేది మొదటిదానికి. మన చట్టాలు చూసేదీ ఎక్కువగా దాన్నే. 2012 నుంచి పశువుల మందుల లేబుల్ మీద గడువు వేయాలన్న నిబంధన ఉంది. మందు ఆపాక ఇన్ని రోజుల వరకు ఆ పశువు పాలు గాని, మాంసం గాని అమ్మకూడదని అర్థం. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు తేల్చి ఉండకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. ఇది అవసరమైన నిబంధనే. కానీ గడువు దాటాక ఆ మాంసాన్ని పరీక్షకు పంపితే మందు ఆనవాలు దొరకకపోవచ్చు, అదే జీవం వేసే పెంటలో మాత్రం ఆ మందుకు లొంగని బాక్టీరియా ఇంకా పడుతూనే ఉండొచ్చు. కాగితం మీద అంతా సవ్యంగా ఉన్నట్టే.

కోడి పేగుల్లోనూ, గొర్రె పేగుల్లోనూ, మన పేగుల్లోనూ ఈ.కోలై అనే బాక్టీరియా ఉంటుంది. అందులో చాలా రకాలు ఏ హానీ చేయవు. మందు పడగానే లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి ఆ చోటంతా తామే పెరుగుతాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. తక్కువమంది పట్టించుకునేది దీని తర్వాతి భాగం. ఎదిరించే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటాయి. దాన్ని ఒక బాక్టీరియా పక్కనున్న ఇంకోదానికి, జాతి వేరైనా సరే, అందించగలదు. ఒకే చుట్ట మీద నాలుగైదు రకాల మందులను ఎదిరించే జన్యువులు కలిసి ఉండొచ్చు. అంటే కోళ్లకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే పెట్టినా, వాటికెన్నడూ పెట్టని మందులకు కూడా లొంగని రకాలు పెరగొచ్చు. హాని చేయని ఈ.కోలై ఒకటి మన పేగుల్లోకి వచ్చి, మనకేమీ చేయకుండానే, తన దగ్గరున్న ఆ చుట్టను జబ్బు చేసేదానికి ఇచ్చి పోవచ్చు.

ఇది ఊహ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టూవర్ట్ లెవీ అనే వైద్యుడు ఒక చిన్న కోళ్ల ఫారంలో దీన్ని పరీక్షించి చూశాడు. ఆ ఫలితాలు 1976లో వచ్చాయి. కొన్ని కోళ్లకు ఆక్సీటెట్రాసైక్లిన్ (టెట్రాసైక్లిన్ జాతి మందే) కలిపిన దాణా, కొన్నిటికి మామూలు దాణా. మందు దాణా తిన్న కోళ్ల పేగుల్లోని బాక్టీరియా వారం తిరక్కుండానే దాదాపు అంతా ఆ మందుకు లొంగనిదైపోయింది. తర్వాత అదే కోళ్లలో వేరే మందులను ఎదిరించే రకాలూ కనిపించాయి. ఐదారు నెలల్లో ఫారం మీద ఉండే కుటుంబం వాళ్ల మలంలో కూడా అలాంటి బాక్టీరియా చుట్టుపక్కల ఇళ్లవాళ్లకన్నా చాలా ఎక్కువగా కనిపించింది. ఆ కుటుంబంలో ఎవరూ ఆ మందు మింగలేదు. కోళ్ల మధ్య తిరిగారు, దాణా పోశారు, పెంట ఎత్తారు.

సుబ్బారావు పనిచేసిన లేబరేటరీలోనే

దాణాలో యాంటీబయాటిక్ కలపడం ఎక్కడ మొదలైందో తెలిసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగానికి అధిపతిగా ఉన్న అమెరికాలోని లెడర్లీ లేబరేటరీలోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పుట్టింది. 1948లో దాన్ని ప్రకటించారు, ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన చనిపోయాడు. ఆ తర్వాత అదే లేబరేటరీలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు బి12 విటమిన్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతూ, ఆరియోమైసిన్ తీశాక మిగిలిన పిప్పిని పెట్టి చూశారు. పిల్లలు అనుకున్నదానికన్నా బాగా పెరిగాయి. పెంచింది విటమిన్ ఒక్కటే కాదని, పిప్పిలో మిగిలిన కొద్దిపాటి యాంటీబయాటిక్ అని తర్వాత తేలింది. 1950 తర్వాత ఆ పద్ధతి దేశదేశాలకు పాకింది.

ఇందులో దురాశ కన్నా ముందు ఉన్నది మంచి ఉద్దేశమే. యుద్ధం తర్వాత మాంసం చవకగా, ఎక్కువగా దొరకాలి. చిటికెడు పొడితో పిల్లలు తొందరగా పెరుగుతుంటే ఎవరు వద్దంటారు? రోగం లేని జీవానికి, రోజూ, చాలా తక్కువ మోతాదులో మందు. లొంగని బాక్టీరియాను పెంచడానికి ఇంతకన్నా అనువైన పద్ధతి ఉండదని అప్పుడు ఎక్కువమందికి తట్టలేదు. 1969లోనే బ్రిటన్‌లో స్వాన్ కమిటీ హెచ్చరించింది. యూరప్ మొత్తం పెరుగుదల కోసం వాడే యాంటీబయాటిక్‌లను దాణాలోంచి తీసేయడానికి 2006 జనవరి దాకా పట్టింది.

చీనీ తోటకు కోళ్ల ఎరువు

మా చిన్నాయనకు నార్పల వైపు చీనీ (బత్తాయి) తోట ఉంది. ఏటా లారీల్లో కోళ్ల ఎరువు తెప్పించి చెట్ల పాదుల్లో వేయిస్తాడు. దాంట్లో నత్రజని ఎక్కువ, పశువుల ఎరువు అంత దొరకదు, రేటు కూడా గిట్టుబాటు. మా దిక్కున చీనీకి, దానిమ్మకు, టమోటాకు ఇదే పద్ధతి. లారీ దిగిన రోజు కూలికి వచ్చిన ఆడవాళ్లు గంపలతో ఎత్తి వట్టి చేతులతో పాదుల్లో చల్లుతారు. మధ్యాహ్నం అక్కడే డ్రిప్పు పైపు నీళ్లతో చేతులు కడుక్కుని సద్ది మూట విప్పుతారు. వాళ్లలో ఎంతమంది బ్రాయిలర్ తింటారో నాకు తెలియదు. తినకపోయినా ఒకటే.

అదే తోటలో ఎండాకాలంలో గొర్రెల మంద కూడా నిలుపుతారు. రాత్రికి ఇంత అని కాపరికి ఇస్తే, మంద అక్కడే పడుకుని నేలకు బలమిచ్చి పోతుంది. మన రాయలసీమలో తరాలుగా ఉన్న మంచి పద్ధతి ఇది, దీన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ మంద పేగుల్లో ఏముంటే అది ఆ నేల మీద పడుతుంది. మంద రేపు ఇంకో ఊరికి పోతుంది. కళ్యాణదుర్గం దిక్కునుంచి బయల్దేరిన జీవాలు మేత వెతుక్కుంటూ కర్నూలు నల్లరేగళ్ల దాకా పోయే సందర్భాలున్నాయి. వాటితోపాటు ఏం ప్రయాణం చేస్తోందో లెక్క పెట్టేవాళ్లు లేరు.

దానిమ్మ తోటల సంగతి ఇంకొంచెం వేరు. బాక్టీరియా మచ్చ తెగులు వస్తే స్ట్రెప్టోసైక్లిన్ పిచికారీ చేస్తారు. అందులో ఉన్నది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులే. అంటే కోళ్ల ఎరువుతో వచ్చి నేలలో పడిన బాక్టీరియా మీద మళ్లీ అదే జాతి మందు పడుతోంది. దీని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇంతటితో ఆపుతాను.

చిన్నాయనతో ఎరువు గురించి మాట్లాడాను. పచ్చిగా వేయకుండా కుప్ప పోసి, తడిపి, మధ్యమధ్య తిరగేస్తే లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది, కొన్ని రోజులు ఆ వేడి నిలిస్తే రోగం తెచ్చే బాక్టీరియాలో చాలాభాగం చస్తుంది, ఎదిరించే జన్యువులు పూర్తిగా పోకపోయినా తగ్గుతాయి అని చెప్పాను. ఆయన విన్నాడు. "కుప్ప పోస్తే సగం బలం గాల్లో కలిసిపోతాది నాయనా. తిరగెయ్యనీకి కూలెవరిస్తారు? నువ్విస్తావా?" అన్నాడు. అమ్మోనియా రూపంలో కొంత నత్రజని పోయే మాట నిజమే. కూలి మాటా నిజమే. ఆయన చేసే పనిలో లాభం ఆయనకు, నష్టం ఎవరికో, ఎప్పుడో. అట్లాంటప్పుడు మంచి చెప్పినంత మాత్రాన మారమంటే ఎవరు మారతారు?

మా అత్త రిపోర్టు, నా అనుమానం

నిరుడు మా మేనత్తకు చలిజ్వరం, నడుంనొప్పి, మూత్రంలో మంట వచ్చాయి. కర్నూలులో ఆసుపత్రికి తీసుకుపోతే కల్చర్ పరీక్ష చేయించారు. ఈ.కోలై అని వచ్చింది. కింద మందుల పట్టీలో వరసగా ‘ఆర్’ అన్న అక్షరమే, అంటే ఆ మందుకు ఈ బాక్టీరియా లొంగదని. మామూలుగా మాత్రలతో తగ్గాల్సిన జబ్బుకు ఆమెను పడుకోబెట్టి మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయాల్సి వచ్చింది. తగ్గింది, బాగుంది. ఆమె మందులు మింగే మనిషి కాదు. జీవితమంతా బర్రెలు, కోళ్ల మధ్యనే గడిపింది.

నాకు వెంటనే అనిపించింది, పశువుల నుంచే వచ్చి ఉంటుందని. కానీ ఆ రిపోర్టు అంత మాట చెప్పదు. వాళ్ల ఊళ్లో జ్వరమొస్తే ఆర్ఎంపీ వేసే సూది ఏమిటో ఎవరికీ తెలియదు. అదే ఇంట్లో మనవళ్లు జలుబు చేసిన ప్రతిసారీ యాంటీబయాటిక్ సిరప్ తాగారు. ఊరి మురుగు, తాగే నీళ్ల పైపు పక్కపక్కనే పోతాయి. ఏ దారిన వచ్చిందో ఆ కాగితం ముక్కను బట్టి తేల్చడం కుదరదు. మనుషుల వైద్యంలో జరిగే దుర్వినియోగాన్ని వదిలేసి కోళ్ల మీద పడటం న్యాయం కాదని ఒక డాక్టరు మిత్రుడు నాతో గట్టిగానే వాదించాడు.

అతని వైపు ఆధారాలూ ఉన్నాయి. ఇంగ్లండు తూర్పు ప్రాంతంలో పశువుల నుంచి, ఆసుపత్రి రోగుల నుంచి తీసిన ఈ.కోలై జన్యువులను పూర్తిగా చదివి పోల్చిన అధ్యయనం 2019లో వచ్చింది. రెండింటిలో ఉన్న రకాలు చాలావరకు వేరువేరని, ఇటీవలి కాలంలో అటునుంచి ఇటు వచ్చిన ఆనవాళ్లు తక్కువని తేలింది. నేను దాన్ని కొట్టిపారేయలేను. మనుషుల ఆసుపత్రుల్లో లొంగని బాక్టీరియా పెరగడానికి మొదటి కారణం మనుషులు మింగే మందులే అన్న మాట నిజం కావచ్చు.

కానీ ఇంగ్లండులో పశువు ఒక చోట, మనిషి ఒక చోట. తాగే నీరు శుద్ధి అయి వస్తుంది, మురుగు మూసిన గొట్టంలో పోతుంది. మా అత్త ఇంట్లో దూడను కట్టేసే గుంజకు, వంట చేసే పొయ్యికి మధ్య పది అడుగులు. రాత్రి కోళ్లను మూసే గంప వసారాలోనే. ఆ దేశంలో తేలినదాన్ని ఈ ఇంటికి యథాతథంగా వర్తింపజేయడం నాకు సరి అనిపించదు. 2017లో పంజాబు కోళ్ల ఫారాల మీద వచ్చిన అధ్యయనం మన దేశపు సంగతి కొంత చెప్పింది. 18 ఫారాల్లో 530 కోళ్ల నుంచి ఈ.కోలై తీసి చూస్తే, మూడో తరం సెఫలోస్పోరిన్లను కూడా విరగ్గొట్టే ఎంజైము (ఈఎస్‌బీఎల్) ఉన్న రకాలు గుడ్ల కోళ్లకన్నా మాంసం కోళ్ల ఫారాల్లో రెట్టింపు పైగా ఉన్నాయి. సెఫలోస్పోరిన్లంటే మనుషులకు ఇంజెక్షన్‌గా వేసే మందుల జాతి. కోడి నుంచి మనిషికి ఎంత వస్తోందన్న లెక్క ఇంకా తేలాలి. కోడి దగ్గర గుట్టలుగా పోగుపడుతోందన్న సంగతి తేలిపోయింది. తేలేదాకా పోగుపడనిద్దామా అన్నదే నా ప్రశ్న.

సూది జేబులో పెట్టుకున్న కాపరి

చిన్నాయన తోటలో మంద నిలిపిన కాపరితో ఒకసారి చాలాసేపు మాట్లాడాను. ఆయన సంచిలో ఆక్సీటెట్రాసైక్లిన్ సీసా, రెండు సిరంజీలు ఉన్నాయి. ఏ జీవం మేత మానినా, పారుకున్నా, కుంటినా అదే సూది. "డాక్టరు వచ్చేసరికి జీవముండదు సామీ. ఒక పొట్టేలు పాయనంటే నా రెండు నెల్ల కూలి పాయినట్టే" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కొండల్లో, గుట్టల్లో తిరిగే మంద దగ్గరికి ఎవరొస్తారు? 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు మంచి ఏర్పాటే, కానీ ఆయన ఉన్న చోట సిగ్నలుండదు.

అయితే ఆయన జీవాలు ఎక్కువగా పోయేది చిటుక రోగంతో. తొలకరి పడి లేత గడ్డి మొలవగానే, బాగా తిన్న, బలంగా ఉన్న జీవమే రాత్రికి రాత్రి చచ్చిపడి ఉంటుంది. పేగుల్లో ఒక బాక్టీరియా అమాంతం పెరిగి విడిచే విషం వల్ల వచ్చే చావు అది. లక్షణాలు కనిపించాక ఏ సూదీ పెద్దగా పనిచేయదు. వానలకు ముందే టీకా వేయిస్తే ఆగుతుంది. పారుడు రోగం వైరస్ వల్ల వస్తుంది. దానికీ టీకా ఉంది. వైరస్ వచ్చాక వెంటపడే న్యుమోనియాకు యాంటీబయాటిక్ అవసరమే, డాక్టర్లు వేస్తారు, వేయాలి కూడా. జబ్బు చేసిన జీవానికి మందు ఆపమని నేననడం లేదు. ఆ జబ్బే రాకుండా చేసే టీకా మే నెలలో అందక, జూలైలో సూది అందుబాటులో ఉండటమే మా దగ్గరి అసలు రోగం అంటున్నాను. ఆయన్ను అడిగితే నిరుడు టీకాలు వేసిన రోజు మంద వేరే మండలంలో ఉందన్నాడు. టీకా ఊరికి వస్తుంది, మంద ఊళ్లో ఉండదు. రైతు సేవా కేంద్రంలో జాబితా మంద పుట్టిన ఊరి పేరుతో కాక, ఆ నెలలో అది మేసే దారిని బట్టి ఉండాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మందుల అంగట్లో చూసిందొకటి చెప్పాలి. నా ముందు నిలబడిన పెద్దామె మనవడికి బేదులని చెప్పింది. అంగడాయన నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ అనే యాంటీబయాటిక్ మందులు కలిసిన మాత్రలు ఇచ్చాడు. ఆమె డబ్బులిచ్చి, "మేకపిల్ల గూడా పారుకుంటాంది నాయనా" అంది. "దానికీ ఇవే, సగం సగం వెయ్" అన్నాడు. చీటీ లేదు. ఆమెకు అందులో వింత ఏమీ కనిపించలేదు. బిడ్డా బాగుండాలి, మేకపిల్లా బాగుండాలి. ఆ మాత్ర పిల్లవాడికి అవసరమో లేదో, మేకపిల్లకు పురుగుల మందు చాలునేమో చెప్పే మనిషి ఆమెకు రెండు కిలోమీటర్ల లోపు లేడు. మా వీధిలో నాటుకోడి అమ్మే వాళ్లు తెచ్చేది ఇలాంటి పెరళ్ల నుంచే. పెరటి కోడి రోజంతా ఆ మేకపిల్ల పెంటలోనే గింజలు ఏరుకుంటుంది. నాటుకోడి రుచి నాకూ ఇష్టమే. అది తినడం వల్ల కాపాడబడుతున్నామన్న నమ్మకానికి మాత్రం ఆధారం కనిపించలేదు. మాంసం ఏదైనా ఉడికితే బాక్టీరియా చస్తుంది. భయమంతా ఉడక్కముందు దాన్ని కడిగిన నీళ్లు, కోసిన పీట, అదే చేత్తో తరిగిన ఉల్లిగడ్డల దగ్గర.

కొలిస్టిన్ నేర్పింది

చట్టంతో ఏమవుతుంది, కాగితాల మీద ఉంటుంది అనేవాళ్లకు కొలిస్టిన్ కథ చెబుతాను. పాతకాలపు మందు. మూత్రపిండాలకు చేటని మనుషుల డాక్టర్లు చాలా ఏళ్లు పక్కన పెట్టారు. మనుషులకు పెద్దగా వాడటం లేదు కదా అని పశువుల దాణాలోకి ఎక్కింది. ఇంతలో మిగతా మందులు ఒక్కొక్కటే పనిచేయకుండా పోయేసరికి, ఐసీయూల్లో చిట్టచివరి మందుగా దాన్నే మళ్లీ బయటికి తీశారు. 2015 నవంబరులో చైనా నుంచి వార్త వచ్చింది. పంది పేగుల్లోని ఈ.కోలైలో కొలిస్టిన్‌ను ఎదిరించే ఎంసీఆర్-1 జన్యువు దొరికింది, అదీ ప్లాస్మిడ్ మీద. అమ్మే మాంసంలోనూ, ఆసుపత్రి రోగుల్లోనూ కనిపించింది. తర్వాత ఎన్నో దేశాల్లో వెతికితే దొరికింది.

చైనా 2017లో దాణాలో పెరుగుదల కోసం కొలిస్టిన్ కలపడం ఆపేసింది. కొన్నేళ్లలోనే పందుల్లోనూ, మనుషుల్లోనూ ఆ జన్యువున్న ఈ.కోలై గణనీయంగా తగ్గిందని అధ్యయనాలు వచ్చాయి. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ధైర్యాన్నిచ్చిన వార్త అదే. జరిగింది వెనక్కి మళ్లుతుంది, కనీసం కొంతవరకు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2019 జూలైలో మాంసం, పాలు, గుడ్లిచ్చే జీవాలకు, చేపలకు, దాణాకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీ నిషేధించింది. మంచి పని.

డెన్మార్క్ అనుభవంలో ఒక ఇబ్బందీ ఉంది, దాన్ని దాచకూడదు. పెరుగుదల మందులు తీసేశాక పాలు మాన్పించిన పందిపిల్లల్లో విరేచనాలు పెరిగాయి. చికిత్స కోసం వాడే మందు కొంత పెరిగింది. అయినా మొత్తం వాడకం ముందుకన్నా బాగా తగ్గింది. ఆ దేశంలో ప్రతి మందూ డాక్టరు చీటీ మీదే పోతుంది, ఏ ఫారంలో ఎంత వాడారో లెక్క ఉంటుంది. మన దగ్గర నిషేధం ఉంది, లెక్క లేదు. ఒక మందు ఆపితే దాని స్థానంలోకి ఇంకేది వచ్చిందో ఎవరికీ తెలియదు. కోళ్లకు వాడే ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌నే చూడండి. అది కోడి ఒంట్లో కొంతభాగం సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది, అంటే మన ఇంట్లో జ్వరానికి వాడే మందే. అమెరికా కోళ్లకు దాన్ని 2005లో ఆపేసింది.

మా బావకు డోన్ దగ్గర రెండు బ్రాయిలర్ షెడ్లున్నాయి. పిల్లలు, దాణా, మందులు అన్నీ కంపెనీవే. షెడ్డు, కరెంటు, చాకిరీ ఆయనవి. కిలోకి ఇంత అని పెంపకం కూలి ఇస్తారు. చావులు పెరిగితే, దాణా ఎక్కువ తింటే కూలి తగ్గుతుంది. అందుకే కోళ్లు కాస్త గురక పెట్టగానే నీళ్ల ట్యాంకులో మందు కలుపుతారు. ఆ పొడి పేరు ఆయనకు తెలుసు, డబ్బా మీద ఉంటుంది. దాణాలో ఏముందో తెలియదు. సంచి చూపించాడు. ప్రోటీన్ శాతం, పీచు శాతం, బరువు, తయారైన తేదీ ఉన్నాయి. మందు కలిపారా, కలిపితే ఏది, ఎంత అన్న వరస లేదు. కలపలేదన్న మాటా లేదు.

"నువ్వు అడగొచ్చు కదా బావా?" అన్నాను.

"అడిగితే వచ్చే బ్యాచ్‌కి పిల్లలు దింపరు. ఖాళీ షెడ్డుకి బ్యాంకోడు వడ్డీ ఆపుతాడా?" అన్నాడు.

ఆయన అడగలేడు. అంగట్లో కోడి కొనేవాడు ఆ సంచిని చూడనే చూడడు. కాలనీ గ్రూపులో నాటుకోడి మెసేజీ పంపేవాళ్లు నిజంగా ఏమైనా చేయదలిస్తే, జిల్లా పశుసంవర్ధక శాఖకూ ఎమ్మెల్యేకూ అడగాల్సింది ఇదీ: దాణా సంచి మీద కలిపిన ప్రతి యాంటీబయాటిక్ పేరు, మోతాదు తెలుగులో అచ్చు వేయాలి. ఏమీ కలపకపోతే కలపలేదని రాయాలి. బ్యాచ్ ఎత్తేటప్పుడు రైతుకిచ్చే లెక్క కాగితంలో ఆ బ్యాచ్‌కు వాడిన మందులన్నీ రాసి, దాని నకలు ఒకటి దగ్గరి పశువుల ఆసుపత్రిలో ఇవ్వాలి. ఆ షెడ్డు ఎరువు ఎక్కడికి పోయిందో కూడా అదే కాగితంలో ఉండాలి. నేను నా వంతుగా రాసి ఇచ్చాను, అందినట్టు ముద్ర వేసిన నకలు తెచ్చుకున్నాను. ఇంకో పదిమంది రాస్తే ఆ ఫైలు కదిలే అవకాశం పెరుగుతుంది.